పొయ్యి ముట్టని అత్త

శామీర్‌పేట దాటినాక రోడ్డు పక్కన కొత్తగా ఒక హోటలు పెట్టారు. పాతకాలపు ఊరి హోటలులా కనబడాలని గోడలకు మట్టి రంగు వేశారు. తలుపు పక్కన ఎడ్లబండి చక్రం ఆనించారు. లాంతర్లలో కరెంటు బల్బులు పెట్టారు. గాలి జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు నుంచి తిరిగితే వచ్చే వాసన తెలియకుండా మూలమూలనా అగరొత్తులు వెలిగించారు. కిందటి నెల మా అమ్మాయి, అల్లుడు నన్ను అక్కడికి భోజనానికి తీసుకుపోయారు. అల్లుడు తుర్కపల్లిలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. కంపెనీ కారులో రోజూ ఆ హోటలు ముందు నుంచే పోతాడు. ముసలాయనకు చిన్ననాటి రుచి చూపిద్దామని అతని ఆశ. మంచి ఉద్దేశమే.

మేం కూర్చున్న బల్లకు ఎదురుగా గోడ నిండా ఒక బొమ్మ వేసి ఉంది. మట్టిపొయ్యి ముందు ఒక ఆడమనిషి గంటె పట్టుకుని కూర్చుంది. నుదుట పెద్ద బొట్టు. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. కింద 'అత్తమ్మ చేతి వంట' అని రాశారు. వడ్డించినవన్నీ సరిగ్గా ఉన్నాయి. ఉప్పు సరిపోయింది, కారం సరిపోయింది, ముక్క ఉడికింది. అల్లుడు నా ముఖం చూస్తూ, మీ చిన్నప్పుడు హోటళ్ళన్నీ ఇట్లనే ఉండేవి కదా మామా, మీరు అదృష్టవంతులు అన్నాడు.

నేను పళ్ళెం నెట్టేశాను. గ్లాసు దొర్లి నీళ్ళు అమ్మాయి ఒళ్ళో పడ్డాయి. తుడవడానికి వచ్చిన కుర్రవాడు, టేస్ట్ బాగలేదా సార్ అని అడిగాడు. ఆమె ఎందుకు నవ్వుతోందని నేను అతని మీద అరిచాను. అతను వెనక్కి తిరిగి చూశాడు, ఏ ఆడమనిషి నవ్విందోనని. పక్క బల్లల వాళ్ళు తినడం ఆపారు. అమ్మాయి నా చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. రెండు రోజుల తర్వాత క్షమాపణ చెప్పుకుందామని ఒక్కణ్ణే మళ్ళీ పోయాను. ఆ కుర్రవాడు పని మానేశాడన్నారు. నా మూలంగా కాదులెండి అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు.

కోపం నాకున్న రోగం. ముఖ్యంగా తిండి దగ్గర. కూరలో ఉప్పెక్కువైందని ఎన్నిసార్లు పళ్ళెం నెట్టి లేచానో నా భార్యకు తెలుసు. ఆ సంగతి ఒప్పుకునే మిగతాది రాస్తున్నాను. మా హోటలు గురించి ఎవరైనా తీయగా మాట్లాడితే నేను ఊరుకోలేను. ఎందుకో అమ్మాయి కారులో అడిగింది. అప్పుడు చెప్పలేకపోయాను.

మా హోటలంటే మేం నడిపింది కాదు, మేం తినేది. మేడ్చల్‌లో ఉండేది, రైలుగేటు నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో. రేకుల కప్పు. గోడలకు ఎప్పుడో వేసిన సున్నం పొగకు నల్లబడి, చెమ్మకు ఉబ్బి, ఆనుకుంటే వీపుకు అంటుకునేది. బెంచీ ఒక చివర కూర్చున్నవాడు లేస్తే రెండో చివర కూర్చున్నవాడు కింద పడేవాడు. అందుకని లేచేవాడు ముందుగా చెప్పి లేవాలి. నీళ్ళ డ్రమ్ము మీద తడిపిన గోనెసంచి కప్పేవాళ్ళు. ఆ గోనె వాసన, తడి కట్టెల పొగ, మాడిన ఎల్లిగడ్డ వాసన కలిసి గేటు దాకా వచ్చేవి. భోజనాల గదికీ వంటకూ మధ్య ఒక వెదురు తడక. తడక ఇవతల మేము. అవతల పొయ్యి.

మా నాయిన మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఒక అంగూరు తోటలో మేస్త్రి. అప్పుడు ఆ దారి పొడుగునా అంగూరు తోటలే. ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతిన చోటల్లా పందిళ్ళు ఉండేవి. తోట యజమాని పట్నంలో ఉండేవాడు. కత్తిరింపులకు, కోతలకు కూలీలను పిలవడం, మాన్పించడం అంతా మా నాయిన చేతిలో ఉండేది. తీగలకు మైలుతుత్తం కొట్టీ కొట్టీ ఆయన గోళ్ళు నీలంగా ఉండేవి. ఎంత కడిగినా ఆ నీలం పోయేది కాదు. అంగడి రోజున నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని మేడ్చల్ తీసుకుపోయేవాడు. పనులన్నీ అయ్యాక హోటల్లో భోజనం. వారమంతా నేను ఎదురుచూసేది దానికోసమే.

ఆ హోటల్లో ఒక రోజు తిన్నది ఇంకో రోజు ఉండేది కాదు. ఒక అంగడికి పుంటికూర పప్పు అమృతంలా ఉండేది. మరుసటి అంగడికి అదే పప్పు అడుగంటి చేదు. ఒక రోజు తలకాయ కూర కోసం లారీ డ్రైవర్లు నిలబడి తినేవాళ్ళు. ఇంకో రోజు బోటి సరిగ్గా కడగక కుక్కలు కూడా వాసన చూసి వదిలేసేవి. దానికి కారణం ఊరందరికీ తెలుసు. వండేది హోటలాయన భార్య. ఆమె ఉంటే కూర బాగుంటుంది. మొగుడితో గొడవై తల్లిగారింటికి తుర్కపల్లి పోతే, ఆయన వండుతాడు.

మేడ్చల్‌లో బస్సు దిగినవాడు హోటలు వైపు నుంచి వచ్చేవాణ్ణి మొదట అడిగే మాట "ఉన్నదా?" అని. ఎవరు అని ఎవరూ అడగరు. ఉన్నదంటే అటు నడిచేవాళ్ళు. లేదంటే బన్నూ చాయా తాగి సరిపెట్టుకునేవాళ్ళు. పప్పు మాడిందంటే తుర్కపల్లి బస్సెక్కినట్టే అని బెంచీల మీద ఒకటే నవ్వులు. నాకు కూడా అందులో ఒక ఉద్యోగం ఉండేది. సైకిలు దిగగానే ముందు ఉరికి, తడక సందులోంచి ముక్కు పెట్టి వాసన చూసి, వెనక్కి ఉరికి నాయినకు కబురు చెప్పేవాణ్ణి. నా ముక్కు ఎప్పుడూ తప్పలేదని నాయిన నలుగురిలో మెచ్చుకునేవాడు. ఆ మెప్పుకు నేను పొంగిపోయేవాణ్ణి. ఒక ఆడమనిషి ఇల్లు విడిచిపోయిందో లేదో వాసన పట్టి చెప్పే పని అదని ఆ వయసులో తెలియదు. తెలిసినా మానేవాణ్ణని అనుకోను.

నాయిన ఆమెను చెల్లె అని పిలిచేవాడు. వరస కలిపి నేను అత్త అనేవాణ్ణి. ఆ అత్త ముద్దు చేసే మనిషి కాదు. సన్నగా, ఎత్తుగా, ఎప్పుడూ తొందరలో ఉండేది. పళ్ళెంలో అన్నం వదిలితే, "ఇడ్సిపెట్టినవో, నీ అంగి జేబుల వోస్త" అనేది. ఒకసారి నిజంగానే పోసింది. పచ్చిపులుసు కారుతున్న జేబుతో ఇంటికి పోతే అమ్మ కోప్పడకుండా విరగబడి నవ్వింది. పచ్చిపులుసులో అత్త కాల్చిన ఉల్లిగడ్డ చిదిమి వేసేది. వేడి అన్నంలో అది పోసుకుంటే చెవుల వెనక చెమట పట్టేది. ఆ రుచి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు. కోపంలో ఉన్నా ఇది అబద్ధం చెప్పలేను.

హోటలాయన అందరికీ ఇష్టుడు. లావుపాటి మనిషి. మెడలో తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక ముచ్చట. కొత్తవాడు వస్తే పదేళ్ళ స్నేహితుడిలా భుజం మీద చేయి వేసేవాడు. నాయినకు ప్రాణమిత్రుడు. నన్ను చూస్తే, "అల్లుడు పట్వారీ వచ్చిండు, కుర్సీ ఎయ్యిండ్రి" అనేవాడు. అక్కడ కుర్చీయే ఉండేది కాదు. ఆయన మీద ఎవరికీ ఫిర్యాదు లేకపోవడమే అత్త పాలిట శాపమైంది.

ఒక అంగడి రోజు మధ్యాహ్నం హోటలు నిండా జనం ఉన్నారు. హోటలాయన కల్లు తాగి ఉన్నాడు. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూ, కూర ఇంకా రాలేదేమని తడక అవతలికి పోయాడు. ఒక తిట్టు వినబడింది. గంజు పడ్డ చప్పుడు, కళపెళ ఉడికే నీళ్ళు నేల మీద పడ్డ చప్పుడు, ఆ వెంట అత్త కేక వినబడ్డాయి. తడక కింద నుంచి వేడి నీళ్ళు పప్పు గింజలతో సహా ఇవతలికి పారి మా కాళ్ళ దాకా వచ్చాయి. అందరూ కాళ్ళు పైకెత్తి పెట్టుకున్నారు. ఒక్కరూ లేవలేదు. అంతమంది మగవాళ్ళు తలలు వంచి పళ్ళాల్లోకి చూశారు. నేను నాయిన వైపు చూశాను.

"తిను" అన్నాడు నాయిన.

నేను తిన్నాను. హోటలాయన బయటికి వచ్చి, గంజు జారింది, కొంచెం ఓపిక పట్టండి అన్నాడు. ఆ ముచ్చట్లు మళ్ళీ మొదలయ్యాయి. ఇప్పటికీ నేను ఏ బల్ల ముందు కూర్చున్నా నాయిన అన్న ఆ 'తిను' వినబడుతుంది. తండ్రి నోటి నుంచి కొడుకు విన్న మాటల్లో అంతకంటే చెడ్డది లేదని నా నమ్మకం. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఆ కోపం పోలేదు.

ఆ సాయంత్రమే అత్త తుర్కపల్లి పోయింది. ఈసారి తిరిగి రాలేదు.

శివరాత్రి పోయింది. అంగూరు కోతలు మొదలయ్యాయి. తోటల్లోకి లారీలు వచ్చాయి, బుట్టలు అల్లేవాళ్ళు వచ్చారు, ఎక్కడెక్కడి కూలీలో వచ్చారు. మేడ్చల్‌లో మనిషి మీద మనిషి. హోటలుకు పండుగ కావలసిన రోజులు. లోపల హోటలాయన అన్నం ముద్ద చేసేవాడు, పప్పు మాడ్చేవాడు, ఉప్పు వేశానో లేదో మరిచి రెండుసార్లు వేసేవాడు. ఒక్కోరోజు ఏ దేవుడి దయవల్లో బాగా కుదిరేది. ఆ రోజు బెంచీల మీద ఆశ పుట్టేది. మర్నాడు మళ్ళీ మొదటికి. జనం విసుక్కోవడం మొదలుపెట్టారు. ఆయన మీద కాదు. "ఇన్ని దినాలు తల్లిగారింట్ల ఉంటదా ఎవరన్నా, ఇంత పట్టుదల ఏంది" అని ఆమె మీద.

చివరికి పెద్దమనుషులు పోయి తీసుకురావాలని తేల్చారు. మా నాయిన ఒకడు. అంగూరు వ్యాపారం చేసే చాచా ఇంకొకడు. చాచాది మేడ్చల్ పక్క ఊరే. తెల్ల గడ్డం, మెత్తటి మాట. రెండు ఊళ్ళలో ఎవరి తగవు తీర్చాలన్నా ఆయన్నే పిలిచేవాళ్ళు. బుట్టలు మోసే టెంపో చాచాదే. వెనక బుట్టల మధ్య నన్ను కూర్చోబెట్టారు. ఆమెకు ఇవ్వడానికి ఒక బుట్ట అంగూరు, కాగితంలో కట్టిన జిలేబీ పెట్టారు. శామీర్‌పేట చెరువు కట్ట మీదుగా పోతుంటే నీళ్ళ మీద నుంచి చల్లటి గాలి వచ్చింది. నాకు పెళ్ళికి పోతున్నట్టు ఉంది. జిలేబీ కాగితానికి ఒక మూల చిన్న చిల్లు చేసి పాకం నాకుతూ పోయాను.

అప్పటి తుర్కపల్లిలో జొన్నచేలు, మేకలు, నాలుగు పెంకుటిళ్ళు తప్ప ఏమీ లేవు. అత్త తల్లి, ముసలవ్వ, మాకు మంచం వాల్చింది. అత్త అన్న గుమ్మం పక్కన గోడకు ఆని నిలబడ్డాడు. అతని భార్య చాయ్ ఇచ్చి, గ్లాసులు ఎప్పుడు ఖాళీ అవుతాయా అన్నట్టు అక్కడే నిలబడింది. ఆ ఇంట్లో ఇంకొక మనిషికి చోటు లేదని ఆమె నిలబడిన తీరే చెప్పింది. అత్త లోపలి నుంచి వచ్చి నేల మీద కూర్చుంది. కుడిచేతికి మోచేతి దాకా పాత చీర గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద పసుపు మరకలు. దాన్ని ఒళ్ళోనే పెట్టుకుంది, దాచలేదు.

చాచా తన మెత్తటి గొంతుతో మొదలుపెట్టాడు. "గుస్సా ఇడిసిపెట్టు బేటీ. నీ చేతి పప్పు లేక మేడ్చల్ మేడ్చల్ అంతా పరేషాన్ అయితాంది." లారీ డ్రైవర్లు ఎంత బాధపడుతున్నారో చెప్పాడు. బోటి కూర గురించి చెప్పాడు. మొన్నటి పప్పులో రాయి తగిలి తన పన్ను ఎట్లా కదిలిందో చూపించాడు. చూపించి తనే నవ్వాడు. నాయిన కూడా నవ్వి, సంసారమన్నాక ఇవన్నీ ఉంటయ్, ఇగ లే చెల్లె, పోదాం అన్నాడు.

అత్త వాళ్ళ నవ్వులు ఆగేదాకా ఆగింది.

"మీరొచ్చినకాడికెంచి పప్పు సంగతి చెప్పిన్రు, బోటి సంగతి చెప్పిన్రు, చాచా పన్ను సంగతి చెప్పిన్రు. గీ చెయ్యికేమైందని ఒక్కలన్నా అడిగిన్రా?"

చాచా గడ్డం నిమురుకున్నాడు. అడగాల్సిన పని లేదు కదా, అందరం ఆ రోజు అక్కడే ఉన్నాం.

అప్పుడామె ఒక్క మా నాయిన వైపు తిరిగింది. "నేను రానన్నా. నాకు నీ తోటల పని ఇప్పియ్యి. కోతకొస్త, బుట్టలు మోస్త. ఈ చెయ్యి మానేదాంక ఎడమ చెయ్యితోని కోస్త. ఇక్కడికెంచి రోజు నడిచొస్త. నా కూలి నాకుంటే మా వదినెకు బరువుగాను."

ఆ మాట విని గుమ్మం దగ్గరున్న వదిన తల వంచుకుంది. కోతల కాలం. మనుషులు దొరకక నాయిన పొరుగూళ్ళకు కబుర్లు పంపుతున్న రోజులు. ఔనంటే సరిపోయేది. అడగాల్సిన యజమాని కూడా లేడు. ఆ సంగతి నాకే తెలుసు, ఆమెకు తెలియదా?

"తోట పని నీకెందుకు చెల్లె" అన్నాడు నాయిన. "నీకు హోటలున్నది."

"హోటలు ఆయనది. నాకు పొయ్యి ఉన్నది."

నాయిన గోళ్ళ వైపు చూసుకున్నాడు. "నేను పనిస్తే, వాని సంసారం నేనే చెడగొట్టిన్నంటరు. రేపు వాని ముంగట నా మొకం ఎట్ల వెట్టుకోవాలె?"

ఆమె తన అన్న వైపు చూసింది, అతను గోడ వైపు తిరిగాడు. ముసలవ్వ, పెద్దమనుషులు ఇంత దూరం వచ్చారు, మాట తీసేయొద్దు బిడ్డా అంది. అవ్వ గొంతులో బలం లేదు.

"వస్త" అంది అత్త. "మీరు తీస్కపోనీకే వచ్చిన్రు, వస్త. గాని పొయ్యి ముట్ట."

చాచా, అట్లనే కానీ, ముందు రా అన్నాడు. చేయి మానేదాకా ఎలాగూ ముట్టలేదు, ఆ తర్వాత కోపం అదే దిగుతుందని వాళ్ళు కళ్ళతోనే మాట్లాడుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు అత్త నాతో పాటు టెంపో వెనక బుట్టల మధ్య కూర్చుంది. నా సంతోషానికి అంతు లేదు. చెరువు కట్ట మీదికి రాగానే, "అత్తా, అంగడికి తలకాయ కూర చేస్తవా?" అని అడిగాను. ఆమె నా వైపు తిరిగింది, మళ్ళీ రోడ్డు వైపు తిరిగింది. ఇంతకుముందు నాయిన మాట గురించి రాశాను. ఆయన మాట పక్కన నా మాట కూడా పెట్టాలి. అంతా చూశాను, అంతా విన్నాను, అడిగింది అది.

ఇంటికి వచ్చి నాయిన ఘనంగా చెప్పాడు, తీసుకొచ్చామని. అమ్మ వడ్డిస్తూ వింటోంది. తోట పని అడిగిన సంగతి కూడా ఆయనే చెప్పాడు, ఆమె అమాయకత్వానికి నవ్వుతూ. అమ్మ గంటె గిన్నెలో పెట్టేసింది.

"పనిస్తే నీ తోట అరిగిపోతుండెనా?" అంది.

ఆ తర్వాత మా అమ్మ ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. అన్నం పెట్టి పక్కకు పోయేది. నాయిన ఒక్కడే గోడ వైపు తిరిగి తినేవాడు.

అత్త అన్న మాట నిలబెట్టుకుంది. చేయి మానింది. పొయ్యి ముట్టలేదు. తడక అవతల ఉండడం మానేసి, హోటలు ముందు, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనబడేలా నీళ్ళ డ్రమ్ము పక్కన ఒక పీట వేసుకుని కూర్చునేది. పొద్దున వచ్చి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అక్కడే. రాత్రుళ్ళు పక్కింట్లో ఒంటరిగా ఉండే గాజులమ్మ దగ్గర పడుకునేదట. నడిరోడ్డు మీద నలుగురి ముందు చేయి ఎత్తడం హోటలాయనకు చేతకాలేదు. మంచివాడన్న పేరు ఆయనకు అంత ముద్దు. తడక అవతల ఆయన ఒక్కడే పొగలో దగ్గుతూ వండేవాడు. తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ గంటె పట్టుకుని బయటికి వచ్చి, ఉప్పు చూడన్నా అని తినేవాళ్ళను బతిమాలేవాడు. ఆయన ముచ్చట్లు తగ్గిపోయాయి.

ఊరికి ఆమె మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మొండిది, మొగుణ్ణి వంటవాణ్ణి చేసి కూర్చుందని మొహం మీదే అన్నారు. ఒక లారీ డ్రైవరు మాత్రం బతిమాలాడు, ఒక్క పూట వండు అక్కా అని. "నాకెందుకు చెప్తవ్? వండేటోనికి చెప్పు" అంది. అందరూ ఇంకో వారం చూశారు, ఇంకో నెల చూశారు. ఎదురుగా ట్యూబులైట్లతో కొత్త హోటలు ఒకటి వచ్చింది. అక్కడ పూరీ వేసేవాళ్ళు. జనం ఒక్కొక్కరే రోడ్డు దాటారు. చాచా కూడా దాటాడు.

నాయిన దాటలేదు. ప్రతి అంగడికీ నన్ను ఆ రేకుల కిందికే తీసుకుపోయాడు. నేను ఏడ్చాను, అలిగాను, పూరీ కావాలని నేల మీద దొర్లాను. ఆయన వినలేదు. ఏది పెట్టినా మాట్లాడకుండా తినేవాడు. మాడిన అన్నం పలుకు కూడా వదలకుండా తినేవాడు. రాయి తగిలితే తీసి పళ్ళెం అంచున పెట్టి మళ్ళీ తినేవాడు. చిన్నతనంలో నాకు అది పిచ్చిగా కనబడేది. పెద్దయ్యాక అది ఆయన తనకు తానే వేసుకున్న శిక్ష అని అర్థమైంది. అర్థమయ్యాక కోపం ఇంకా పెరిగింది. తినడం తేలిక. ఆమె అడిగింది ఆయన అక్కడ తినాలని కాదు.

అట్లా కొన్నేళ్ళు గడిచాయి. నాకు మీసాలు వస్తున్నాయి. ఒక అంగడికి హోటల్లో మేమిద్దరమే ఉన్నాం. నాయిన తిని చేయి కడుక్కోవడానికి నీళ్ళ డ్రమ్ము దగ్గరికి పోయాడు. అత్త చెంబుతో నీళ్ళు పోసింది. ఆమె చేతి మీద కాలిన మచ్చ మెరుస్తోంది. నాయిన చేతులు కడుక్కున్నా అక్కడి నుంచి కదల్లేదు.

"చెల్లె, ఈ ఏడు కోతకు వస్తవా?" అన్నాడు. "నీకు ముకద్దం పని ఇస్త. ఆడోళ్ళందరి మీద పెద్దవు నువ్వే."

ఆమె చెంబు డ్రమ్ము మీద పెట్టింది. కోపంగా అంటుందనుకున్నాను. అనలేదు. నిదానంగా, లెక్క తప్పిన పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఏ తోటన్నా? నీ తోట పందిళ్ళు మొన్ననే కూలగొట్టిన్రంట గద. రాళ్ళు పాతుతున్నరంట."

నిజమే. యజమాని తోటను ప్లాట్లకు అమ్మేశాడు. తీగలు నరికి కుప్పలు పోసి తగలబెడుతున్నారు. రాబోయే నెల నుంచి నాయినకే పని లేదు. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. నోట్లో ఇన్నేళ్ళు తిరిగిన మాట, ఆ రోజు బయటికి వచ్చేసింది. ఆయన తడిచేతులు తుడుచుకోకుండా అట్లాగే నిలబడ్డాడు. ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. దారిలో సైకిలు నేనే తొక్కాను. నాయిన వెనక కూర్చున్నాడు.

హోటలాయన పోయిన రోజు ఆమె తడక పీకి పొయ్యిలో పెట్టిందని తర్వాత ఎవరో చెప్పారు. నిజమో కాదో తెలియదు. హోటలు మూసేసి గాజులరామారంలో ఉన్న అక్క కూతురి దగ్గరికి పోయింది. ఆ తర్వాత కబురు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రేకులూ గోడలూ పోయాయి. ఆ చోటు ఇప్పుడు ఎక్కడో నేను కూడా కచ్చితంగా చూపించలేను.

మా వయసువాళ్ళు కలిసినప్పుడు ఆ హోటలు మాట వస్తుంది. పచ్చిపులుసు మాట వస్తుంది. కళ్ళు మూసుకుని లొట్టలు వేస్తారు. ఆ రోజులు మళ్ళీ రావంటారు. నేను నోరు మూసుకోలేక ఏదో ఒకటి అంటాను, గొడవ అవుతుంది, లేచి వచ్చేస్తాను. ఇంటికి వచ్చాక నా కోపంలో సగం నా మీదేనని తెలుస్తుంది. ఆ పచ్చిపులుసు గుర్తొస్తే నా నోట్లో ఇప్పటికీ నీళ్ళు ఊరతాయి. ఆ ఊరడం నేను ఆపలేను.

నాకు ఆ హోటలు మళ్ళీ వద్దు. ఆ రుచి వద్దు, ఆ బెంచీలు వద్దు, ఆ నవ్వులు అసలే వద్దు. ఒక్కటి మాత్రం కావాలి, అది ఇక దొరకదు. ఆ రోజు తుర్కపల్లి నుంచి చాచా టెంపో ఖాళీ బుట్టలతో తిరిగి రావలసింది. మర్నాడు పొద్దున మా తోట గేటు ముందు, కోత కూలీల వరసలో, ఎడమ చేత్తో కత్తెర పట్టుకుని ఆమె నిలబడి ఉండవలసింది.